పేరు పిలిచే గొంతు కోసం: శ్రీలంకలో ఐదు రోజులు

ఇంటికొచ్చి నాలుగు రోజులే అయింది. చెప్పుల అంచుల్లో ఏకల అనే ఊరి ఎర్రమట్టి ఇంకా అలాగే ఉంది. మావయ్య రోజూ ఫోన్ చేసి "రాశావా?" అని అడుగుతున్నారు. మరిచిపోయేలోపు రాసేస్తే ఇద్దరికీ మంచిది.

నిజానికి ఈ ప్రయాణం నాది కాదు, మా పెద్దమావయ్యది. ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఊరు తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటే చాలామందికి తెలుస్తుంది. ఆ ఊళ్ళో పుట్టినందుకు ఆయనా పటాలంలో చేరారు. జబల్‌పూర్‌లో సిగ్నల్స్ శిక్షణ, తరవాత కొన్నేళ్ళు ఉత్తరాన వైర్‌లెస్ సెట్ల ముందు. అయితే ఆయన ఉద్యోగంలో ఎక్కువ భాగం డిక్షనరీ పక్కనే గడిచింది. రక్షణ శాఖ వాళ్ళ పత్రిక 'సైనిక్ సమాచార్' ఉంది కదా, 1909 జనవరి 2న 'ఫౌజీ అఖ్బార్' పేరుతో ఉర్దూలో మొదలై 1954లో పేరు మార్చుకున్నది. అది 13 భాషల్లో వచ్చేది. ఆ పదమూడింట్లో తెలుగొకటి. ఢిల్లీలో ఆ తెలుగు బల్ల దగ్గర మావయ్య రిటైరయ్యే దాకా కూర్చున్నారు. బెటాలియన్‌కి పటాలం, పరేడ్‌కి కవాతు, అవి సులువేనట. లాజిస్టిక్స్‌కి ఏం రాయాలో తేలక ఓ రాత్రంతా నిద్రపట్టలేదని ఇప్పటికీ చెబుతారు.

మొన్న సంక్రాంతికి "ఒక్క కోరిక మిగిలిపోయిందమ్మాయ్" అన్నారు. కాశీ అంటారనుకున్నాను. కొలంబో అన్నారు. సిలోన్ రేడియోని చూడాలట.

2024 ఫిబ్రవరి 19, కొలంబో

కొలంబోలో మొదటి పాఠం ఆటోలో నేర్చుకున్నాం. డ్రైవరు ముప్పై ఏళ్ళ కుర్రాడు, నవ్వు మొహం. మావయ్యని చూడగానే "మామా, రండి" అన్నట్టు చేయి ఊపాడు. మావయ్య ఉలిక్కిపడి నా వంక చూశారు. సింహళంలోనూ మామ అంటే మామేనట. అక్క అంటే అక్కే. కానీ 'అయ్యా' అంటే అన్న, 'మల్లి' అంటే తమ్ముడు. ఇంకో చిక్కుంది: పొట్టిగా 'మమ' అంటే 'నేను'. దీర్ఘం తప్పితే మామ కాస్తా నేనైపోతాడు. ఇది విని మావయ్య ముచ్చటపడిపోయారు. "చూశావా, దీర్ఘం ఎంత పని చేస్తుందో!" దీర్ఘాల మీద ఆయనకి అంత పట్టింపు ఎందుకో ఐదో రోజు దాకా నాకు అర్థం కాలేదు.

రెండో పాఠం తల ఊపడం. అడ్డంగానూ కాక, నిలువుగానూ కాక, మన పక్క పాత తరం వాళ్ళు ఊపినట్టే పక్కలకి ఊపుతారు. అంటే సరే అని. పైగా "హరి హరి" అంటారు. మావయ్య మొదట గోవింద నామం అనుకున్నారు. అదీ సరే అనే.

సాయంత్రం బస ముందు వీధిలో పియానో ట్యూన్ ఒకటి వినిపించింది, ఐస్‌క్రీమ్ బండి పాటలా. చూస్తే ఆటో వెనక అద్దాల పెట్టె, దాన్నిండా రొట్టెలు. దాన్ని చూన్ పాన్ అంటారని బస ఆవిడ చెప్పింది. పాన్ అనగానే మావయ్య జేబులోంచి డబ్బులు తీశారు, తమలపాకులని. వచ్చింది బన్ను, లోపల చేపల కూర. మావయ్య శాకాహారి కాదు కాబట్టి సరిపోయింది. ఒక్కోటి 120 రూపాయలు. మన రూపాయికి అప్పుడు వాళ్ళవి మూడున్నర పైనే వచ్చేవి గనుక ధరలు విని గుండె జారడం, లెక్కేసి కుదుటపడడం మొదటి రోజంతా సాగింది.

రాత్రి గాల్ ఫేస్ ఒడ్డున నడిచాం. రొయ్యలు పైన అతికించి వేయించిన వడలు బళ్ళ మీద అమ్ముతున్నారు. ఇస్సో వడ అంటారు. కరకరలాడుతోంది గానీ మన మసాలా వడలో ఉండే శనగపప్పు వాసన ఇందులో తక్కువ. సముద్రం వంక చూస్తూ మావయ్య అన్నారు: "1942 ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం, జపాన్ విమానాలు ఇక్కడ బాంబులేశాయి. మర్నాడు మన కాకినాడ, విశాఖపట్నం. మీ అమ్మమ్మ అప్పుడు కాకినాడలోనే ఉంది." అమ్మమ్మ చెప్పేది నాకూ గుర్తే. ఊరంతా బళ్ళు కట్టుకుని లోపలి పల్లెలకి పోయారట. ఆవిడ ఉప్పాడ చీరలన్నీ మూటగట్టి తెచ్చి, బియ్యం మాత్రం మరిచిపోయిందట. కొలంబోకి దెబ్బ తగ్గిందంటే అదీ ఓ వైర్‌లెస్ సందేశం వల్లే. ముందు రోజు గస్తీ తిరుగుతున్న లియొనార్డ్ బిర్చల్ అనే కెనడా పైలట్ జపాన్ ఓడల్ని చూశాడు. తన విమానం కూలిపోయేలోపు కబురు పంపించగలిగాడు.

ఫిబ్రవరి 20, ఇండిపెండెన్స్ స్క్వేర్

ఈ రోజు కోసమే మావయ్య ఇస్త్రీ చొక్కా దాచుకున్నారు. ఎనిమిదింటికల్లా తయారు. అల్పాహారం అప్పాలు. గిన్నెలా అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, పక్కన కొబ్బరి, ఎండుమిర్చి, నిమ్మరసం కలిపి నూరిన పోల్ సంబోల్. కారం విషయంలో గోదావరి వాళ్ళం కాస్త వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

డ్రైవరుకి "రేడియో" అని చెప్పాం. అతను తల ఊపి, హరి హరి అని, రూపవాహిని గేటు ముందు దించేశాడు. అది టీవీ. రేడియో ఆ పక్కనే అట. పక్కనే అన్న మాటని నమ్మి ఎండలో నడిచాం. మధ్యలో ఓ తప్పు మలుపు, నాలుగు రాతి సింహాలు, పెళ్ళి ఫొటోలు తీయించుకుంటున్న ఓ జంట. అక్కడి నుంచి వెనక్కి.

ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాల్సింది. ఆ తెలివి మాకు లేకపోయింది. గేటు దగ్గరున్న పెద్దాయన మాత్రం మావయ్యని నీడలో కుర్చీలో కూర్చోబెట్టి, ప్లెయిన్ టీ తెప్పించాడు. పాలు లేని టీ, బెల్లం ముక్క విడిగా. అరగంట అక్కడే కూర్చున్నాం. లోపలికి వెళ్ళలేదని మావయ్యకి దిగులు కలిగినట్టే లేదు. ఆ భవనం వంక చూస్తూ చెప్పుకుపోయారు.

సిలోన్‌లో రేడియో పుట్టిందే యుద్ధపు తుక్కులోంచి. తంతి శాఖ ఇంజనీరు ఎడ్వర్డ్ హార్పర్, పట్టుబడ్డ జర్మన్ జలాంతర్గామిలోని వైర్‌లెస్ సామానుతో ట్రాన్స్‌మిటర్ కట్టాడు. 1925 డిసెంబరు 16న కొలంబో రేడియో మొదలైంది. రెండో యుద్ధంలో మౌంట్‌బాటెన్ ఆగ్నేయాసియా దళాధిపతిగా వచ్చాక, బర్మా అడవుల్లో ఉన్న సైనికులకి 'మమ్మల్ని ఎవరూ పట్టించుకోవడం లేదు' అన్న బాధ ఎక్కువగా ఉండేది. బర్మాలో పోరాడిన పద్నాలుగో సైన్యానికి 'మరిచిపోయిన సైన్యం' అనే పేరే పడింది. వాళ్ళ కోసం 1944 జనవరిలో కలకత్తా నుంచి 'సీయాక్' (ఆగ్నేయాసియా దళం ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరాలు) అనే దినపత్రిక పెట్టారు. సంపాదకుడు ఫ్రాంక్ ఓవెన్. సిలోన్ నుంచి అదే పేరుతో రేడియో. పాటలు, ఇళ్ళ నుంచి కబుర్లు, పేరు పెట్టి చదివే కోరికలు.

"మా నాన్న బర్మా నుంచి తెచ్చిన ట్రంకు పెట్టె అడుగున ఆ పేపరు పరిచి ఉండేది" అన్నారు మావయ్య. తాతయ్యకి ఇంగ్లీషు రాదు. అయినా ఆ కాగితం పారేయనిచ్చేవారు కాదట. ఎందుకని అడిగితే "అది మాకోసం అచ్చేసింది" అనేవారట. చదవలేని కాగితాన్ని నలభై ఏళ్ళు దాచుకున్న మనిషి కొడుకు సైనికులకి తెలుగులో పత్రిక రాసే ఉద్యోగంలో చేరాడు. మావయ్య ఈ రెండింటినీ ఎప్పుడూ కలిపి చెప్పరు. కలుపుకున్నది నేనే.

ఇందులో నాకు భలే అనిపించింది ఒకటుంది. రేడియో సీయాక్ కోసం తెప్పించిన వంద కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ పని మొదలుపెట్టేసరికి 1946 వచ్చేసింది. యుద్ధం 1945 ఆగస్టులోనే అయిపోయింది! సైనికులు ఇళ్ళకి పోతున్నారు, గొంతు మాత్రం ఆసియా అంతా వినిపించేంత పెద్దదైంది. 1949లో దాన్ని సిలోన్ ప్రభుత్వానికి అప్పగించారు. 1952లో అప్పటి సమాచార ప్రసార మంత్రి కేస్కర్ గారు మన ఆకాశవాణిలో సినిమా పాటలకి తలుపులేశారు. ఇంకేముంది, ఊరూరా ముల్లు సిలోన్ వైపు తిరిగింది. తెలుగు పాటలకీ అక్కడ వేళ ఉండేది. ఆ పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గొంతు విన్నవాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి వచ్చాక గానీ ముల్లు మళ్ళీ ఇటు తిరగలేదు.

వెళ్ళేటప్పుడు గేటు పెద్దాయనకి టీ డబ్బులు ఇవ్వబోతే రెండు చేతులూ జోడించి "ఆయుబోవన్" అన్నాడు. ఆయుష్షు ఉండాలని దీవెన. మావయ్య ఆ మాట డైరీలో తెలుగులో రాసుకున్నారు, 'యు' హ్రస్వమా దీర్ఘమా అని అతన్నే రెండుసార్లు పలికించుకుని.

ఫిబ్రవరి 21, ఏకల

పొద్దున్నే వాట్సాప్‌లో వార్త. రేడియో వ్యాఖ్యాత అమీన్ సయానీ పోయారు. నిన్న ముంబైలో, తొంభై ఒక్క ఏళ్ళ వయసులో. ఆయన హిందీ సినిమా పాటల కార్యక్రమం గీత్‌మాలా 1952 డిసెంబరులో మొదలైంది ఈ ఊరి రేడియో నుంచే. ముంబైలో రికార్డు చేసిన టేపులు ఇక్కడికొచ్చి, ఇక్కడి నుంచి మళ్ళీ మన దేశమంతా వినిపించేవి. మావయ్యకి ఫోన్ చూపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివి, "పద, ఎండ ముదరకముందే పోదాం" అన్నారు. అంతే.

ఆ పెద్ద ట్రాన్స్‌మిటర్ పెట్టింది ఏకలలో, నెగొంబో దారిలో జా-ఎల పక్కన. బస్సులో వెళ్ళాం. కండక్టరు చిల్లర ఇవ్వకుండా టికెట్ వెనక ఏదో గీసి ఇచ్చాడు, దిగేటప్పుడు గుర్తుపెట్టుకుని మరీ పిలిచి ఇచ్చాడు. మన ఊళ్ళో బస్సులో పడ్డంత టెన్షన్ పడ్డాను ఊరికే.

ఏకలలో దిగి "రేడియో స్టేషన్" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో వైపు చూపించారు. మొదట పారిశ్రామికవాడలో పడ్డాం. లారీలు, ఫ్యాక్టరీ సైరను, భోజనం పొట్లాలు పట్టుకుని పోతున్న ఆడపిల్లలు. ఒకాయన పూర్తి నమ్మకంతో చేయి చాపి చూపించాడు. ఆ దారిన ఇరవై నిమిషాలు నడిస్తే వచ్చింది వైమానిక దళం శిక్షణ శిబిరం గేటు! కాపలా కుర్రాడు తుపాకీ సర్దుకున్నాడు. నేను వెనక్కి తిరగబోయాను. మావయ్య మాత్రం నిటారుగా నిలబడిపోయారు, డెబ్భై ఎనిమిదేళ్ళ నడుముతో. "ఎక్స్-సిగ్నల్‌మన్, ఇండియన్ ఆర్మీ" అని చెప్పారు. ఆ కుర్రాడు ఒక్క క్షణం తటపటాయించి, మడమలు కలిపాడు. తరవాత చాలా మర్యాదగా, మేం వచ్చిన దారినే వెళ్ళిపొమ్మని చెప్పాడు.

చివరికి ఓ కిరాణా కొట్టు ముసలమ్మ చూపించిన దారే దారి. గోడ, గేటు, అవతల గడ్డి. ఫొటో తీయలేదు, లోపలికి వెళ్ళే ప్రయత్నమూ చేయలేదు. మావయ్య గోడ నీడలో నిలబడి, ఏదో వినబోతున్నట్టు తల కొంచెం పక్కకి వాల్చారు. షార్ట్‌వేవ్ వినేవాళ్ళంతా అలాగే వాలుస్తారు. స్టేషను పైకీ కిందకీ ఊగుతూ వస్తుంది కదా, సముద్రం మీంచి వస్తున్నట్టు.

అక్కడే మొదటిసారి చెప్పారు. ఉత్తరాన డ్యూటీలో ఉన్నప్పుడు ఫౌజీల కోసం వివిధ భారతిలో జయమాలా వచ్చేది. ఓ రాత్రి పేర్లు చదువుతుంటే ఆయన పేరొచ్చింది, 56 ఏపీఓ అనే సైనిక తపాలా చిరునామాతో. బంకర్లో ఉన్న నలుగురూ అరిచారు. "కానీ నా ఇంటిపేరు తప్పు పలికారమ్మాయ్. ఎగతాళి చేయాల్సిన వాళ్ళు కూడా చేయలేదు. నాకు మాత్రం, పిలిచింది నన్నేనా అనిపించింది." వాళ్ళ తప్పు కాదట, ఈయన ఇంగ్లీషులో రాశారు గనుక. దీర్ఘం పోయింది.

తిరుగు దారిలో భోజనం 600కి. అన్నం చుట్టూ ఐదు కూరలు. అందులో ఒకటి లేత పనసకాయ, పోలోస్ అంటారు. మసాలాలో నల్లగా ఉడికి, మాంసం ముక్కలా ఉంది. పనసపొట్టుకి ఆవ పెట్టకుండా ఇలా కూడా చేయొచ్చా అని మావయ్య ఆశ్చర్యపోయి, రెండోసారి వడ్డించుకున్నారు. మళ్ళీ వడ్డించినందుకు వాళ్ళు డబ్బు తీసుకోరు. అది మాత్రం బాగా నచ్చింది.

ఫిబ్రవరి 22, క్యాండీ

రైలు గురించి అందరూ రాస్తారు, నేను రాయను. కుడివైపు కూర్చోండి, చాలు.

మౌంట్‌బాటెన్ 1944 ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి తన ప్రధాన కార్యాలయాన్ని క్యాండీ పక్కన పెరదేనియ తోటకి మార్చాడు. యుద్ధం నడిపే ఆఫీసు పూలతోటలో! ఇప్పుడక్కడ ఆ ఛాయలేమీ లేవు. బళ్ళోంచి దిగిన స్కూలు పిల్లలు తెల్ల యూనిఫారాల్లో వరస కట్టి పోతున్నారు. రాయల్ పామ్ చెట్ల బాట ఉంది, ఒక్క చెట్టే ఊరంత పరుచుకున్న మర్రి జాతి చెట్టు ఉంది. 1901లో బ్రిటిష్ యువరాజు దంపతులు నాటిన చెట్టు దగ్గర గైడు ఒకతను "కేనన్ బాల్ ట్రీ" అని గట్టిగా చెబుతున్నాడు. ఫిరంగి గుండంత కాయలు. మావయ్య పువ్వుని చూసి "నాగలింగం" అన్నారు. మన శివాలయంలో ఉన్నదే. ఒకడికి గుండు కనబడింది, ఒకడికి పడగ కింద లింగం కనబడింది.

సాయంత్రం క్యాండీ యుద్ధ శ్మశానం. వాలులో మెట్లు మెట్లుగా పచ్చగడ్డి, పొట్టి రాళ్ళు. ఇంగ్లండు, తూర్పు ఆఫ్రికా, సిలోన్. తోటమాలి గడ్డి కత్తిరించే మిషన్ ఆపి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, రిజిస్టరు తెచ్చాడు. మావయ్య చూసింది సమాధుల్ని కాదు, చెక్కిన అక్షరాల్ని. ఓ ఆఫ్రికా సైనికుడి రాయి ముందు చాలాసేపు నిలబడి, ఆ పేరుని మెల్లగా మూడు రకాలుగా పలికి చూశారు. "వీళ్ళమ్మ ఎలా పిలిచేదో!"

ఆ రాత్రి బసలో నిద్రపట్టక పని గురించి చెప్పుకొచ్చారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పనిది. 1987 జులైలో ఇక్కడి అంతర్యుద్ధం ఆపడానికి భారత్-శ్రీలంక ఒప్పందమయ్యాక మన శాంతి దళం ఈ దేశం వచ్చింది. 1990 మార్చిలో చివరివాళ్ళు తిరిగొచ్చేదాకా పోయిన మనవాళ్ళు వెయ్యి మంది పైనే. తెలుగువాళ్ళ పేర్లు ఆయన బల్ల మీదికి ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో వచ్చేవి. ఇంగ్లీషులో జి, ఏ, ఎన్, టి, ఏ అని ఉంటుంది. అది 'గంటా'నా, 'గంట'నా, 'గాంట'నా? కే, ఓ, టి, ఏ అంటే 'కోట'నా, 'కొతా'నా? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చునేవారు. లైను దొరక్కపోతే ఊరి పోస్టుమాస్టరుకి కార్డు. "ఇంట్లో వాళ్ళ చేత ఆ పేరు తెలుగులో రాయించి పంపండి" అని. ఆఫీసులో తోటివాళ్ళు నవ్వేవారట, ఒక్క దీర్ఘం కోసం ఇంత చాదస్తమా అని.

ఓ కార్డుకి జవాబు నలభై రోజులకి వచ్చింది. నోటుపుస్తకం కాగితం మీద, వణికే చేత్తో, తండ్రి రాసిన పేరు. కింద ఇంకేమీ లేదు.

ఫిబ్రవరి 23, బత్తరముల్ల

పోయ. పౌర్ణమికి ఇక్కడ సెలవు. మందు కొట్లు, మాంసం కొట్లు మూత. కొలంబో తిరిగొచ్చేసరికి తెల్ల బట్టలు కట్టుకున్న జనం గుళ్ళకి పోతున్నారు. గంగారామ గుడి వైపు ఊరేగింపు ఉందని డ్రైవరు చుట్టూ తిప్పాడు, మొదటి రోజు కుర్రాడే. మీటరు మీద ఒప్పుకున్నవాడు, చుట్టు తిప్పినందుకు ఎక్కువైన వంద వద్దన్నాడు. మావయ్య బలవంతంగా జేబులో పెట్టారు.

భారత శాంతి దళం స్మారకం పార్లమెంటు దగ్గర, నీళ్ళ పక్కన ఉంది. మేం వెళ్ళేసరికి ఎవరూ లేరు. గోడమీద పేర్లు. అన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో.

మావయ్య జేబులోంచి రుమాలు తీసి దాన్ని విప్పారు. లోపల మడతలు అరిగిన ఓ నోటుపుస్తకం కాగితం. అది ఆయన దగ్గరే ఉండిపోయిందని నాకు తెలీదు. వరసవరసకీ వేలు పెట్టి వెతకడానికి ముప్పావు గంట పట్టింది. ఎండ నెత్తిమీద. నేను నీళ్ళ సీసా పట్టుకుని వెనకే నడిచాను. దొరికాక, కాగితంలోని పేరునీ గోడమీద పేరునీ పక్కపక్కన పెట్టి చూశారు. ఆ పేరు ఇక్కడ రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

"ఇక్కడ దీర్ఘం లేదు" అన్నారు, ఇంగ్లీషు అక్షరం మీద గోరు పెట్టి. తరవాత గొంతు సవరించుకుని, ఆ పేరు ఒక్కసారి పైకి చదివారు. ఇంటిపేరు, అసలు పేరు, ఊరు. దీర్ఘంతో సహా.

ఆటో దగ్గర నిలబడ్డ డ్రైవరు అప్పటికి మా వెనకకొచ్చాడు. గోడ వైపు గడ్డం ఎగరేసి, మెల్లగా అడిగాడు.

"మల్లి?"

మావయ్య కాగితం మడత పెడుతూ తల పక్కలకి ఊపారు, ఈ ఐదు రోజుల్లో నేర్చుకున్నట్టు. డ్రైవరు నా చేతిలోంచి నీళ్ళ సీసా తీసుకుని, మూత విప్పి ఆయనకిచ్చాడు.